కాలిన బ్యారన్ గోడ మీద మా ఆయన పేరే రాసి ఉందంటున్నారు

కందుకూరు, కనిగిరి మధ్య ఒక పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది.

భర్త, ఆయన అన్న కలిసి పొగాకు వేస్తారు. కర్రలకు అల్లిన పొగాకును పొయ్యి వేడి గొట్టాలతో ఆరబెట్టే గదిని బ్యారన్ అంటారు, మామగారి నాటి ఆ బ్యారన్ ఇద్దరికీ ఉమ్మడి. శివరాత్రి దాటిన వారంలో, అలా ఆకు ఆరబెట్టే క్యూరింగ్ ఐదో రాత్రి, కాపలా వంతు ఈమె భర్తది. రెండు గంటల వేళ బ్యారన్ అంటుకుంది. ఫైరింజను వచ్చేసరికి ఆకంతా పోయింది, పైన సిమెంటు రేకులు పేలిపోయాయి. అంతకు ముందు వారమే అన్నదమ్ములు పొలం పంపకాల మీద గట్టిగా అరుచుకున్నారు. దాంతో బావగారి నోట వచ్చిన మాట: "వీడే తగలబెట్టినాడు."

దానికి ఆయన చూపిస్తున్న గుర్తులు ఐదు. తలుపు పక్క గోడ మీద కింద సన్నగా మొదలై పైకి విచ్చుకున్న పెద్ద మసి మచ్చ. తలుపు దగ్గర కాంక్రీటు నేల పెచ్చులుగా లేచిపోవడం. థర్మామీటరు చూసుకునే కిటికీ అద్దం సాలెగూడులా చిట్లడం. తమ్ముడి కనుబొమ్మలు, ముంజేతి వెంట్రుకలు కాలడం. వేరే కారణమేదీ కనిపించకపోవడం. పట్నంలో ఉండే బంధువొకాయన వచ్చి చూసి, "ఇది డీజిల్ పోసి కాల్చిందే" అని తేల్చేశారట. లైన్‌మ్యాన్ మాత్రం వైరు కొసన కరిగిన రాగి పూసలు చూసి షార్ట్ సర్క్యూట్ అన్నాడు. బీమా సర్వేయరు ఒకసారి వచ్చి వెళ్లాడు, మళ్లీ రావాలి. సోమవారం జేసీబీ పెట్టించి అంతా చదును చేయిస్తానని బావగారు అంటున్నారు. తమ్ముడు రెండు లక్షలు ఇచ్చి గొడవ ముగించుకోమని పెద్దమనుషుల మాట.

ఎవరికీ చెప్పని రెండు విషయాలు కూడా ఆమె రాశారు. ఒకటి, ఒంటిగంట దాటాక కునుకు పట్టిందని భర్త ఆమెతో ఒక్కసారి ఒప్పుకుని, మళ్లీ నోరెత్తలేదు. రెండు, ఆ సాయంత్రం ఇంజనుకు పోయగా మిగిలిన డీజిల్ డబ్బాను బ్యారన్ తలుపు పక్కన పెట్టింది ఆమే. తెల్లారి అది సగం కరిగి కనిపిస్తే భయపడి చిల్లచెట్లలో పారేసింది. "మా ఆయన చేశాడా లేదా మీరే చెప్పండి. డబ్బులిచ్చి ఒప్పుకుంటే ఇల్లు నిలుస్తుందా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఆయన చేశాడో లేదో ఈ ఉత్తరం చదివి నేను చెప్పలేను. చెబితే పట్నం బంధువు చేసిన తప్పే నేనూ చేసినట్టు. ఆయన చూపించిన గుర్తుల్లో ఏది ఎంతవరకు మాట్లాడుతుందో మాత్రం చెప్పగలను. అగ్నిమాపక శాఖలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన వాణ్ణి.

మొదట ఒక తేడా పట్టుకోండి. మంట ఎక్కడ మొదలైంది అన్నది ఒక ప్రశ్న, ఎందుకు మొదలైంది అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది తేలకుండా రెండోదానికి పోకూడదు. కారణం అంటే ఒక్క మాటలో తేలేది కాదు. మొట్టమొదట అంటుకున్న వస్తువేది, దాన్ని అంటించిన వేడి ఎక్కడిది, ఆ రెండూ ఎలా కలిశాయి అన్న మూడూ దొరికితేనే కారణం దొరికినట్టు. "డీజిల్" అన్న ఒక్క మాట కారణం కాదు. "షార్ట్ సర్క్యూట్" అన్నదీ అంతే. పేపర్లో రోజూ చూస్తాం ఆ మాటను, ఏమీ తేలనప్పుడు రాసుకునే మాటయిపోయింది.

ఇప్పుడు ఆ గోడ మీది మచ్చ. మంట తన మొదటి చోటు నుంచి పైకి, పక్కలకు విచ్చుకుంటుంది కాబట్టి ఇంగ్లిషు వి అక్షరంలాంటి మచ్చ పడుతుంది, దాని కొస దగ్గరే మంట పుట్టిందని చాలాకాలం నమ్మాం. చిన్న మంట విషయంలో అది నిజమే. మూసిన గదంతా అంటుకుంటే లెక్క మారిపోతుంది. పొగ, వేడి గాలి కప్పు కింద పొరగా పేరుకుంటాయి. ఆ పొర 500–600 డిగ్రీలకు చేరేసరికి అక్కణ్ణించి దిగే వేడికే గదిలో ఉన్నవన్నీ దాదాపు ఒక్కసారే భగ్గుమంటాయి. దాన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఆ తర్వాత మంట తాను పుట్టిన చోట కాదు, గాలి అందే చోట ఎక్కువగా కాలుతుంది. బ్యారన్‌కు గాలి అందేది ఎక్కడ? తలుపు దగ్గర, కింది వెంటిలేటర్ల దగ్గర. తలుపు పక్కన పెద్ద మచ్చ ఉందంటే మంట అక్కడే పుట్టి ఉండొచ్చు, లేదా తలుపు తెరవగానే గాలి దూరి అక్కడ ఎక్కువ కాలి ఉండొచ్చు. మచ్చను చూసి ఈ రెండింటినీ విడదీయడం ఎంత కష్టమో అమెరికాలో 2005లో లాస్ వెగాస్‌లో పరీక్ష పెట్టి చూశారు. గదులు కాల్చి, ఆర్పి, మంట ఏ మూల మొదలైందో చెప్పమని అగ్నిప్రమాదాలను దర్యాప్తు చేసే 53 మందిని అడిగారు. మొదటి గదికి సరిగ్గా చెప్పింది ముగ్గురే. వాళ్లంతా ఆ పనిలో ఉన్నవాళ్లే. మీ బంధువును తక్కువ చేయాలని కాదు ఈ మాట, ఆ మచ్చ ఎంతటివాళ్లనైనా మోసం చేస్తుందని.

నేల పెచ్చులు లేవడం గురించి. కాంక్రీటు లోపల తేమ ఉంటుంది. వేడికి అది ఆవిరై తన్నుకొస్తుంది, పైపొర వ్యాకోచించి పగులుతుంది. వేడెక్కిన నేల మీద నీళ్లు పడినా అలాగే లేస్తుంది. నిజానికి నేల మీద నిలిచిన డీజిల్ కాలుతుంటే, ఆ డీజిలే అడుగున నేలను కొంతసేపు వేడి నుంచి కాపాడుతుంది. కాబట్టి పెచ్చులు లేచినచోటల్లా ఎవరో ఏదో పోశారనే నమ్మకానికి ఆధారం లేదు. చిట్లిన అద్దం సంగతి ఇంకా తేలిక. ఒకప్పుడు దాన్ని కూడా పెట్రోలు గుర్తుగా చెప్పేవారు. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండల్లో వేల ఇళ్లు కాలినప్పుడు, ఎవరూ ఏమీ పోయని ఇళ్లలోనూ అలాంటి అద్దాలు దొరికాయి. కాగిన అద్దం మీద నీళ్లు పడితే అలా చిట్లుతుందని తర్వాత ల్యాబ్‌లో చేసి చూశారు. మీ ఊళ్లో ఆ రాత్రి బిందెలతో నీళ్లు కొట్టారని మీరే రాశారు.

కనుబొమ్మలు కాలడం దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. ఎవరైనా తేలిగ్గా ఆవిరయ్యే ఇంధనం పోసి అగ్గిపుల్ల గీస్తే ముఖానికి సెగ కొట్టడం నిజమే. గాలి చాలక లోపల మగ్గుతున్న మంట మీద తలుపు తీసినా, గాలి దూరి మంట బయటికి దూకుతుంది. నిద్ర మేలుకుని పొగ చూసిన మనిషి మొదట చేసే పని తలుపు లాగడమే. రెండు కథలకూ ఒకే గుర్తు సరిపోతున్నప్పుడు ఆ గుర్తు ఎవరి వైపూ సాక్ష్యం చెప్పదు. లైన్‌మ్యాన్ చూసిన రాగి పూసలూ అంతే. మంట తగిలి వైరు తొడుగు కరిగితే తీగలు కలిసి పూసలు కడతాయి. మంట అక్కడికి చేరేసరికి ఆ వైరులో కరెంటు ఉందని మాత్రమే అవి చెబుతాయి.

ఇక ఐదోది, వేరే కారణమేదీ కనిపించడం లేదు కాబట్టి వీడే చేశాడు అనడం. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ వాదనే. మిగతా కారణాలను కొట్టేసి, మిగిలింది కాల్చడమే అనడానికి వీల్లేదని అమెరికాలో ఈ పనికి ప్రామాణికంగా చూసే ఎన్‌ఎఫ్‌పీఏ 921 అనే మార్గదర్శి 2011 సంచికలో స్పష్టంగా చెప్పింది. ప్రమాదం, ప్రకృతి, కావాలని పెట్టినది అన్న మూడింటి పక్కన "తేలలేదు" అనే నాలుగో గడి కూడా అందులో ఉంది. దానికి తక్కువ విలువ లేదు. టెక్సస్‌లో కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ అనే అతని ఇల్లు 1991 డిసెంబరులో కాలి ముగ్గురు కూతుళ్లు చనిపోయారు. నేల మీది మచ్చలు, చిట్లిన అద్దం వంటి గుర్తులను చూసి అతనే అంటించాడన్నారు. 2004లో మరణశిక్ష అమలు చేశారు. ఆ గుర్తులు దేన్నీ రుజువు చేయవని తర్వాత పరిశీలించిన శాస్త్రజ్ఞులు రాశారు.

అంత దూరం ఎందుకు, నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కావలి వైపు ఒక కిరాణా కొట్టు కాలింది. నేల పెచ్చులు చూసి, ఓనరు బామ్మర్ది ఎదుటే "ఎవరో పోసినట్టుంది" అన్నాను. రిపోర్టులో రాయలేదు, నోటిమాటగా అన్నానంతే. ల్యాబ్‌లో ఏమీ దొరకలేదు. కానీ ఆ మాట అప్పటికే ఊరంతా తిరిగింది. ఆ బావాబామ్మర్దుల మధ్య రాకపోకలు మళ్లీ మొదలు కాలేదు. ఆ కొట్టు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నా మాట నాకు గుర్తొస్తుంది. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మరి మీ బ్యారన్ ఎందుకు కాలి ఉంటుంది? ఐదో రాత్రి అన్నారు. ఆకు పసుపు తిరిగి, ఆరి, ఈనె ఎండే దశ అది. లోపల వేడి 70 డిగ్రీల దాకా పెంచుతారు. అప్పటికి ఆకు పెళపెళలాడుతుంటుంది. కర్రకు అల్లిన దారం వదులై ఒక్క ఆకు జారి కాగిన గొట్టం మీద పడితే చాలు. గొట్టాల అతుకు విడి నిప్పురవ్వ వచ్చినా చాలు. బ్యారన్లు కాలిపోవడానికి ఇవి బాగా తెలిసిన దారులు. కింది వరుసకూ గొట్టాలకూ మధ్య ఇనుప వల కట్టమని చెప్పేది అందుకే. మీ బ్యారన్‌లో వల ఉందో లేదో మీరు రాయలేదు.

అయితే ఇదే మాట రెండో వైపు కూడా కోస్తుంది, దాచను. అంత ఎండిన ఆకును కాల్చాలనుకున్న మనిషికి డీజిల్ అక్కర్లేదు, అగ్గిపుల్ల చాలు. కాబట్టి ల్యాబ్‌లో డీజిల్ దొరక్కపోయినంత మాత్రాన మీ ఆయన ఏమీ చేయలేదని రుజువు కాదు. బావగారి అనుమానాన్ని కూడా ఒక ఊహగానే తీసుకుని, నిజమైతే ఏమేం కనిపించాలి, అబద్ధమైతే ఏమేం కనిపించాలి అని చూడాలి. దానికి పనికొచ్చేవి గోడ మీది మచ్చలు కావు. బూడిద కింద ఉన్న గొట్టాలు ఏ అతుకు దగ్గర విడిపోయాయి, పొయ్యిలో కట్టెలు ఎంత మిగిలాయి, ఏ వైపు కర్రలు ముందు కూలి అడుగున పడ్డాయి, ఆ రాత్రి మొదట పరుగెత్తుకొచ్చిన వాళ్లు మంటను పై వెంటిలేటర్ల నుంచి చూశారా, తలుపు నుంచి చూశారా. ఈ రోజుల్లో మంట చూసి ఫోన్ తీయని వాడు లేడు. ఆ వీడియోలకు టైమ్ ఉంటుంది. అడిగి తెచ్చుకోండి, పాతవి చెరిపేస్తారు.

అందుకే సోమవారం జేసీబీ రాకూడదు. ఇది మీ ఆయన కోసమే కాదు, మీ బావగారి కోసం కూడా. సర్వేయరు రెండోసారి రాకముందే చదును చేస్తే బీమా సొమ్ముకే ఎసరు. పైగా ఉమ్మడి ఆస్తిని వాటాదారుడే తగలబెట్టాడని ఆయనే ఊరంతా చెబుతుంటే, కంపెనీ ఆ మాటే పట్టుకుని ఇద్దరి సొమ్మూ ఆపేయొచ్చు. కోపంలో ఆయనకు ఇది తట్టి ఉండదు. మీరు చెబితే వినరు, మీ అత్తగారి చేత గానీ ఆయన మాట వినే పెద్దమనిషి చేత గానీ చెప్పించండి. నింద సంగతి పక్కనపెట్టి, సర్వేయరు వచ్చేదాకా ఆగమని మాత్రమే అడగండి.

ఇప్పుడు ఆ రెండు లక్షలు. ఇస్తే ఈ నెల ప్రశాంతంగా గడుస్తుంది, నిజమే. కానీ రేపు పంపకాల్లో కూర్చున్నప్పుడు, ఎల్లుండి పిల్లల సంబంధాలప్పుడు, "ఒప్పుకుని కట్టినాడు" అనే మాట తిరిగొస్తుంది. కావాలని నిప్పు పెట్టడం మామూలు తగాదా కాదు, భారతీయ న్యాయ సంహిత 326 కింద జైలు శిక్షపడే నేరం. అలాంటి నేరాన్ని ఇంటి శాంతి కోసం ఒప్పుకోకూడదు. మీకు డబ్బు ఇవ్వాలనే ఉంటే ఇంకో దారి ఉంది. కాపలా వంతు మాది, కునుకు పట్టింది, నష్టంలో ఎక్కువ భాగం మేం భరిస్తాం అని కాగితం మీద రాసి ఇవ్వండి. అది నిజం, గౌరవం కూడా. ఐదు రాత్రుల కాపలాలో కన్ను మూతపడడం వేరు, నిప్పు పెట్టడం వేరు. చట్టం చూసేది ఉద్దేశాన్ని. ఈ దారిలో కూడా ఒక ఇబ్బంది ఉంది. నిర్లక్ష్యం అనే మాట జీవితాంతం మీ ఆయన మీద ఉంటుంది, బీమా వాళ్లు దాని మీద ప్రశ్నలు వేస్తారు. రాసే ముందు ఒక లాయరుకు చూపించండి.

ల్యాబ్ పరీక్ష అడగడం మూడో దారి. బూడిద, నేల పెచ్చులు తీసి గాలి చొరని కొత్త డబ్బాల్లో మూసి పంపాలి. పోయలేదని తెలిసిన చోటి నుంచి కూడా కొంత తీసి పక్కన పెట్టాలి, పోల్చడానికి. అది మీరు చేసే పని కాదు, అధికారుల చేత చేయించాలి. మూడు వారాలయింది కాబట్టి స్పష్టంగా ఏమీ తేలకపోవచ్చు. తేలితే ఇంకో చిక్కు ఉంది. తలుపు దగ్గర డీజిల్ ఆనవాళ్లు దొరికే అవకాశం నిజంగానే ఉంది, అక్కడ మీ డబ్బా ఉంది కాబట్టి.

అమ్మా, ఆ డబ్బా సంగతి. దాన్ని పారేయడం తప్పే. భయంతో చేశారు, అర్థమవుతుంది. కానీ ల్యాబ్ రిపోర్టు వచ్చాక "అక్కడ మా డబ్బా ఉండేది" అంటే ఎవరూ నమ్మరు, అల్లిన కథ అంటారు. ఇప్పుడే చెబితే అది మామూలు సంగతి, ఇంజను ఉన్న ప్రతి రైతు గుమ్మంలోనూ ఉండేదే. ఇంకో మాట. ప్లాస్టిక్ డబ్బాలో ద్రవం ఉంటే, సెగకు పై భాగం కరుగుతుంది గానీ ద్రవం ఉన్నంత మేర అడుగు భాగం నిలుస్తుంది. మీరు "సగం కరిగి" అని రాశారు. ఆ సగం ఏ సగమో, మూత ఎక్కడుందో, ఏ వైపు ఎక్కువ కరిగిందో నాకు తెలియదు. నిలబెట్టిన డబ్బా పైనుంచి తిన్నగా కరిగి, అడుగు చెక్కుచెదరకుండా ఉంటే, అందులోని డీజిల్ అప్పటికి డబ్బాలోనే ఉందని అది చెబుతుంది. ఖాళీ చేసి విసిరేసిన డబ్బా అలా కరగదు. మీ ఆయనకు వ్యతిరేకమని మీరు దాచింది, ఆయన తరఫున మాట్లాడగలిగిన వస్తువు కావొచ్చు. కాకపోవచ్చు కూడా. ఏదైనా సరే, అది బయటికి రావాలి.

చెప్పాల్సింది ముందు బావగారికి కాదు, పోలీసులకు కాదు, మీ ఆయనకు. ఆయన మౌనం గురించి రెండు పేజీలు రాశారు, తప్పు చేసినందుకే నోరెత్తడం లేదేమోనని. ఆ సాయంత్రం తలుపు పక్కన మీరు డబ్బా పెట్టడం ఆయన చూసి ఉంటే? తెల్లారేసరికి అది కనబడకపోతే ఆయన ఏమనుకుని ఉంటాడు? మిమ్మల్ని లాగుతారని నోరు కట్టుకున్నాడేమో. ఇది నా ఊహే, దీనికీ రుజువు లేదు. అడిగితే గానీ తెలియదు.

ఈ రాత్రే అడగండి. పొద్దున్నే ఇద్దరూ కలిసి ఆ చిల్లచెట్ల దగ్గరికి వెళ్లండి. వెంట నమ్మకమైన మనిషిని ఒకరిని తీసుకెళ్లండి, మీ వైపు చుట్టం కాకుంటే మంచిది. డబ్బాను చేత్తో ముట్టకండి, కడగకండి. ఉన్నది ఉన్నట్టు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, ఆ రాత్రి వచ్చిన ఫైరాఫీసు వాళ్లకు ఫోన్ చేయండి.